ముద్దమ్మ మొదటి ముద్ద

విడుదలకు 34 రోజులు

టిఫిన్: గోధుమరవ్వ ఉప్మా, రెండు వందల పన్నెండు మందికి. మిగిలింది: రెండు గరిటెలు. చెడిపోయినవి: మూడో పొయ్యి మీట. ప్రత్యేక విషయాలు: ఉన్నాయి.

ఈ వంటగది దినచర్య పుస్తకంలో ప్రత్యేక విషయాలనే గడి దగ్గర ఇరవై ఆరేళ్ళుగా నేను "లేవు" అనే రాస్తున్నాను. చంద్రుడి మీద మంచు తవ్వుకునే ఊళ్ళో, నాలుగో గుమ్మటంలో, వంట చేసే నూకరత్నానికి ప్రత్యేక విషయాలు ఏముంటాయి? ఒకసారి ఉన్నాయి. అప్పుడు కూడా "లేవు" అనే రాశాను.

ఈరోజు అలా రాయలేను. గిన్నెలు తోముతుండగా తన్మయి ఎగురుకుంటూ వచ్చింది. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి ఎవరైనా ఎగురుకుంటూనే వస్తారు, కానీ ఈ పిల్ల తల పైకప్పుకి తగిలింది. గాలి గొట్టాలు బాగుచేసే ఉద్యోగం తనది, ఇరవై ఆరేళ్ళుంటాయి.

"రత్నం అత్తా! అనౌన్స్ చేసేశారు! నీ మీద గేమ్!"

పదకొండేళ్ళ కిందట ఒక ఆటల కంపెనీ వాళ్ళు వచ్చి, మా గుమ్మటంలో నలభై మంది ముఖాలూ గొంతులూ కొలిచి పట్టుకెళ్ళారు. "గుమ్మటం" అని ఒక వీడియో గేమ్ తయారుచేశారు. అందులో గనులు కూలుతుంటాయి, పిచ్చెక్కిన యంత్రాలు మనుషుల్ని తరుముతుంటాయి. ఆ గొడవ మధ్యలో ఒక వంటామె నిలబడి, గోడకి చిల్లు పడ్డప్పుడల్లా గోధుమపిండి ముద్ద విసిరి మూసేస్తుంది. "చేతులు కడుక్కుని రా!" అని అరుస్తుంది. ఆమె పేరు ముద్దమ్మ. ముఖం నాది, గొంతు నాది. పిండి కూడా ఒక రకంగా నాదే. ఇరవై రెండేళ్ళ కిందట మా తూర్పు తలుపు లీకైతే నేను చపాతీ పిండి కుక్కి ఆపాననీ, పంతొమ్మిది మంది ప్రాణాలు దక్కాయనీ ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. విని, దాన్నే ఆటలో పెట్టారు.

ఇప్పుడు ముద్దమ్మ వయసులో ఉన్నప్పటి కథ విడిగా తీస్తున్నారట. తన్మయి భాషలో స్పిన్-ఆఫ్ ప్రీక్వెల్. పేరు "ముద్దమ్మ: మొదటి ముద్ద".

నాకేం పట్టనట్టు గిన్నె తోముతూనే ఉన్నాను. తను వెళ్ళాక ఆ గిన్నె అడుగులో ముఖం చూసుకున్నాను. కొంచెం ఎక్కువసేపే చూసుకున్నాను.

విడుదలకు 31 రోజులు

మధ్యాహ్నం: అన్నం, నాచు పప్పు, దోసకాయ పచ్చడి.

భోజనాల హాలు గోడ మీద ట్రైలర్ వేశారు. అందులో నేను సన్నగా ఉన్నాను. వెదురు బొంగులా ఉన్నాను. డ్రిల్లు మిషన్ భుజాన వేసుకుని నలభై అడుగుల అగాధం మీంచి దూకాను. దూకి, అవతల నిలబడ్డ అందగాడి కళ్ళలోకి చూశాను. మా ఆయన పోయి పదిహేనేళ్ళయింది. ఆయనకి నేనంటే ప్రాణమే కానీ, ఆయనెప్పుడూ అగాధం అవతల నిలబడలేదు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పడానికి వంటగది గుమ్మంలో నిలబడేవాడు.

ముద్దమ్మ అభిమానుల సంఘానికి తన్మయే అధ్యక్షురాలు. సంఘం వాళ్ళు హాల్లోనే కూచుని వాదించుకున్నారు.

"ముద్దమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీకపోవడమే అసలు మజా," అంది తన్మయి. "మొదటి ముద్ద ఎలా విసిరిందో చూపించేస్తే ఇంకేం మిగులుతుంది? 'చేతులు కడుక్కుని రా' అనడానికి వెనక ఏదో విషాదగాథ పెడతారు చూడండి. చేతులు కడుక్కోక ఎవరో చచ్చిపోయుంటారు."

"ఎవరూ చావలేదు," అన్నాను వడ్డిస్తూ. "మీ చేతులు మురిగ్గా ఉంటాయి. అంతే."

బట్టలుతికే విభాగం నుంచి పైడమ్మ కూడా వచ్చింది చూడ్డానికి. నాతోపాటు ఒకే ఓడలో ఇక్కడికి వచ్చిన మనిషి, నా ఈడుది. ఒకప్పుడు ఇద్దరం కలిసే వండేవాళ్ళం.

"ఏటే నూకా, నీకు నడుం అనీది ఎప్పుడున్నాదే?" అంది, అందరికీ వినబడేలా.

విడుదలకు 27 రోజులు

మధ్యాహ్నం: సాంబారు మాడింది. తప్పు నాదే.

రెండో ట్రైలర్ వచ్చింది. అందులో దూకుళ్ళు లేవు. ఖాళీ వరండా, చివర్న మా తూర్పు తలుపు. గోడ గడియారం పదకొండూ యాభై రెండు చూపిస్తోంది. లోపలి మీట మీద ఒక చెయ్యి పడుతుంది. తలుపు తెరుచుకుంటుంది. తెర నల్లబడి అక్షరాలు వస్తాయి: తలుపు తెరిచింది ఎవరు?

కింద ఇంకో మాట: "గుమ్మటం పాత రికార్డులన్నీ పరిశీలించి, ఉన్నది ఉన్నట్టుగా."

హాలంతా ఈలలు వేసింది. నా పక్కన పైడమ్మ చేతిలో పళ్ళెం జారి, ఇక్కడ ఏదైనా పడేటట్టే మెల్లగా, సిగ్గులేకుండా అందరూ చూసేలా నేలకి దిగింది.

తలుపు తెరిచింది మేమే.

ఇరవై రెండేళ్ళ తర్వాత అయినా రాస్తున్నాను కాబట్టి పూర్తిగానే రాస్తాను. తూర్పు తలుపుకి రెండు రెక్కలు. లోపలిది మా వైపు, బయటిది చంద్రుడి వైపు, మధ్య చిన్న గది. ఆ గదిలో గాలి తీసేస్తే ఎంత తడి వస్తువైనా పది నిమిషాల్లో ఎండిపోతుంది. భీమిలి ఇసకలో మూడు రోజుల ఎండ చేసే పని. పైడమ్మకి ఎండుచేపల మీద ప్రాణం కొట్టుకునేది. నాకూ కొట్టుకునేది. తొట్టిలో పెంచే చిన్న చేపలకి ఉప్పు రాసి, తాడుకి గుచ్చి, ఎవరూ చూడకుండా ఆ గదిలో కట్టేవాళ్ళం. ఆరుసార్లు బాగానే ఎండాయి. ఏడోసారి లోపలి తలుపు రబ్బరు అంచులో ఒక చేప తోక ఇరుక్కుంది. మేం చూసుకోలేదు. గాలి తీసే మీట నొక్కాం. ఆ తోక సందులోంచి గుమ్మటం గాలి ఈల వేస్తూ పోవడం మొదలుపెట్టింది. పక్క హాల్లో పంతొమ్మిది మంది అన్నం తింటున్నారు. పైడమ్మ చక్రం తిప్పి గదిలోకి గాలి వదిలింది. నేను చేతిలో ఉన్న చపాతీ పిండి సందులో కుక్కాను. గదిలో గాలి నిండగానే తలుపు తీసి, చేపల్ని లాగేసుకుని మళ్ళీ మూశాం. జనం పరిగెత్తుకొచ్చేసరికి పిండి కనిపించింది, చేపలు కనిపించలేదు. చేపలు పైడమ్మ చొక్కాలో ఉన్నాయి. తోక దాని నోట్లో ఉంది. నమిలి మింగేసింది. ఉప్పు సరిపోలేదని తర్వాత చెప్పింది.

అప్పట్నుంచి దానికి ఆ తలుపు పక్క నుంచి నడవాలంటే భయం. అందుకే వంటగది వదిలి బట్టలుతికే విభాగంలో చేరింది.

వరండా గోడ మీద తలుపు నిబంధన వేలాడుతూ ఉంటుంది. ఎవరి వల్ల తలుపు లీకైనా వాళ్ళని భూమికి పంపేస్తారు. ఇన్నేళ్ళు ఇక్కడ తేలిగ్గా తిరిగిన ఎముకలు అక్కడి బరువు మొయ్యలేవని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. వెళ్ళామంటే మంచం మీదే.

విడుదలకు 24 రోజులు

టిఫిన్: ఇడ్లీ. గట్టిగా వచ్చింది.

ఆటల కంపెనీకి ఉత్తరం పంపించాను. "అయ్యా, ముద్దమ్మ ముఖం నాదే. తలుపు భాగం తీసేసి, ఆ చోట ఇంకో అగాధం పెట్టగలరు. దూకడానికి నాకేం అభ్యంతరం లేదు" అని రాశాను.

గంటలో జవాబు వచ్చింది. "ప్రియమైన అభిమానీ! మీరు ముద్దమ్మను ఎంతగా ప్రేమిస్తున్నారో మాకు అర్థమైంది. మీలాగే చాలామంది తామే ముద్దమ్మ అని అనుకుంటున్నారు."

విడుదలకు 19 రోజులు

పైడమ్మకి ఒక ఉపాయం తట్టింది.

"ఆ తన్మయి గుంట ఎలాగూ ఆట వొద్దని గోల పెడతంది గదే. నువ్వూ ఆ పక్కన సేరిపో. ముద్దమ్మే వొద్దంటే ఇంకెవులు ఆడతారు?"

బాగానే ఉందనిపించింది. తన్మయిని పిలిచి, ప్రీక్వెల్‌లంటే నాకు సిద్ధాంతపరంగా పడదని చెప్పాను. సిద్ధాంతం ఏంటని అడిగింది. నీదే అన్నాను. దాని కళ్ళు మెరిశాయి. అక్కడికక్కడే వీడియో తీసింది. నేను పిండి కలుపుతూ, "ఈ ఆట ఎవరూ ఆడకండి. పాత విషయాలు తవ్వితే మంచిది కాదు" అన్నాను.

విడుదలకు 12 రోజులు

మధ్యాహ్నం వండింది గుర్తులేదు.

ఆ వీడియో భూమి మీదా, అంగారకుడి మీదా కలిపి నాలుగు కోట్ల మంది చూశారు. "ముద్దమ్మ భయపడుతున్న రహస్యం ఏమిటి?" అని కంపెనీ వాళ్ళు నా ముఖమే పోస్టర్ మీద వేసుకున్నారు. ముందస్తు బుకింగులు మూడింతలు పెరిగాయి.

"మనం గెలుస్తున్నాం అత్తా," అంది తన్మయి.

"ఎవరిది గెలుపు?"

ఆలోచించింది. "నేను కూడా బుక్ చేశాననుకో. చూడకుండా తిట్టలేం కదా."

పైడమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఉపాయం తనదేనని గుర్తుచేశాక ఇంకో రెండు రోజులు మాట్లాడలేదు.

విడుదలకు 3 రోజులు

నాయకులు బాబు గంజి కోసం వచ్చాడు. జగన్నాయకులు ఆయన పూర్తిపేరు. డెబ్బై ఒకటో ఏడు. లీకైన రోజుల్లో తలుపుల తనిఖీ అధికారి ఆయనే. ఇప్పుడు రిటైరై, మధ్యాహ్నాలు ముగ్గురు స్నేహితులతో అష్టాచెమ్మా ఆడుకుంటాడు. తెల్లటి మీసం, రెండు చివరలా పైకి తిరిగి ఉంటుంది.

"ఆటల కంపెనీ వాళ్ళు వచ్చినప్పుడు నన్ను కూడా కొలిచారు, నూకరత్నం," అన్నాడు కాస్త మొహమాటంగా. "పాత ఆటలో నన్ను వాడుకోలేదు. ఇందులో ఉంటానంటావా?"

"ఉంటారు బాబూ."

"ఉంటే ఆ పాత యూనిఫారంతో ఉంటానేమో. ఇస్త్రీ చేయించాను, విడుదల రోజున వేసుకుందామని."

ఇస్త్రీ చేసింది పైడమ్మ. చేస్తూ ఏడ్చిందట. ఎందుకో తెలీదంది.

విడుదల రోజు

మధ్యాహ్నం: పులిహోర, బొబ్బట్లు. మేనేజర్ రెహానా మేడమ్ సగం రోజు సెలవు ఇచ్చింది.

హాలు గోడ మీద తన్మయి ఆడుతుంటే రెండు వందల మంది చూశాం.  సన్నటి ముద్దమ్మ దూకింది, తన్నింది, ప్రేమించింది. బాగానే ఉందని ఒప్పుకోవాలి. తన్మయి కూడా మధ్యలో వెనక్కి తిరిగి, "గేమ్ బాగుందత్తా, అదే నా బాధ," అంది.

మూడో గంటలో వరండా వచ్చింది. పదకొండూ యాభై రెండు. మీట మీద చెయ్యి. పైడమ్మ నా మణికట్టు పట్టుకుంది. తెర మీద ఆ చేతి వెంబడి మెల్లగా పైకి వెళ్ళి, ముఖం చూపించారు.

నాయకులు బాబు ముఖం. అదే మీసం, కాకపోతే నల్లగా. ఆటలో ఆయన పేరు కావలి నాయకం. మంచు దొంగల దగ్గర లంచం తిని తలుపు తీసిపెడతాడు. పంతొమ్మిది మంది పోతే పోనీ అంటాడు, నవ్వుతూ.

రికార్డుల్లో దొరికింది గంట, నిమిషం మాత్రమే. మనిషి దొరక్కపోతే, తలుపుల బాధ్యత ఎవరిదో చూసి వాళ్ళని పెట్టేసుకున్నారు.

హాల్లో ఎవరో తెర వైపు చూసి "థూ" అన్నారు. తర్వాత ముందు వరసలో ఇస్త్రీ యూనిఫారంలో కూచున్న మనిషి గుర్తొచ్చి అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. ఆ నిశ్శబ్దం థూ కంటే అన్యాయంగా ఉంది.

నా గుండె తేలికపడింది. అది కూడా రాయాలి. ఒక్క నిమిషం, తప్పించుకున్నాం అనుకున్నాను.

విడుదలయ్యాక 2వ రోజు

అష్టాచెమ్మా స్నేహితులు ఈరోజు ముగ్గురే సరిపోతామన్నారు. నాయకులు బాబు బల్ల దగ్గర పక్క కుర్చీలు ఖాళీ. ఆట కదా, కల్పన కదా అని అందరూ అంటున్నారు. అంటూనే, "రికార్డులు చూసి తీశారటగా" అని కూడా అంటున్నారు.

ఆయన పళ్ళెం ఇవ్వడానికి వచ్చినప్పుడు నేనే కదిపాను. "ఆ ఆట అబద్ధం బాబూ. కంపెనీకి గట్టిగా రాయండి."

"లంచం అబద్ధమే," అన్నాడు. "కానీ ఆ పొద్దున తలుపు అంచు తనిఖీ చేసింది నేనేగా. బాగుందని సంతకం పెట్టింది నేనేగా. ఏదో నా కంటికి ఆనలేదు. అది ఇప్పటికీ తెలీలేదు. అందుకే రోజూ ఐదింటికి లేచి వెళ్ళి ఆ రబ్బరంతా వేలితో తడిమి వస్తాను."

"రోజూనా?"

"జ్వరం వచ్చిన రోజు కూడా వెళ్ళాను. కాస్త ఆలస్యమైంది."

"ఇరవై రెండేళ్ళుగానా?"

"నా తనిఖీ సరిగా ఉంటే నీకా పిండి కుక్కాల్సిన అవసరమే రాకపోను, తల్లీ," అన్నాడు. పళ్ళెం కడిగి, తుడిచి మరీ ఇచ్చి వెళ్ళాడు.

విడుదలయ్యాక 3వ రోజు

బట్టలుతికే విభాగానికి వెళ్ళి పైడమ్మతో అదంతా చెప్పాను. అది దుప్పటి మడత పెడుతూ పెడుతూ ఆగిపోయింది.

"సెప్పీస్తే మనల్ని కిందికి తోలీస్తారే."

"తోలనీ."

"నా మోకాళ్ళు ఆడ నిలబడవే నూకా."

"నిలబడకపోతే కూచుందాం."

పైడమ్మ దుప్పటి రెండో చివర నా చేతికిచ్చింది. ఇద్దరం కలిసి మడతపెట్టాం.

"రేపు పప్పు బాగా వొండు," అంది చివరికి. "కడుపు నిండున్నోళ్ళకి కోపం తక్కువొస్తాది."

విడుదలయ్యాక 4వ రోజు

మధ్యాహ్నం: ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. నెల మొత్తానికి ఉంచిన నెయ్యి అంతా.

అందరూ తింటుండగా గరిటెతో పళ్ళెం మోగించి బల్ల ఎక్కాను. పైడమ్మ కూడా ఎక్కింది. "ఆ తలుపు గురించి ఒక మాట చెప్పాలి," అన్నానో లేదో హాలంతా చప్పట్లు. ఇది కంపెనీ వాళ్ళు పెట్టించిన ప్రచారమనుకున్నారు. ఎవరో "ముద్దమ్మా, ముద్ద విసురు!" అని అరిచారు. తన్మయి కెమెరా తీసింది. నేను ఎంత చెప్పినా ఎవరికీ వినబడలేదు.

"నోర్ముయ్యండర్రా!" అంది పైడమ్మ. "సేపలు ఎండబెట్టినాం! ఆ తలుపులో మేమే సేపలు ఎండబెట్టినాం! తోక ఇరికీసింది, గాలి పోయింది. బాబుకేటీ తెలవదు. తోక నానే తినీసినాను!"

ముద్దలు నోటి దగ్గర ఆగిపోయాయి. మిగతాది నేను చెప్పాను, ఆరుసార్ల సంగతితో సహా.

నాయకులు బాబు లేచి, బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ మా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఏం చేపలు?"

"తొట్టి సేపలు బాబూ. సిన్నవి," అంది పైడమ్మ.

"తోక ఎక్కడ ఇరుక్కుంది? పైనా, కిందా?"

"కిందన. ఎడమ పక్క మూల."

"అంటే నేను చూసినప్పుడు అంచు బాగానే ఉంది."

"బాగానే ఉన్నాది బాబూ."

ఆయన పక్కనున్న కుర్చీలో కూచున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడనుకున్నాను, కాదు. ఎవరో మంచినీళ్ళు ఇచ్చారు. తాగి మా వైపు చూశాడు.

"ఒక్క మాట చెప్పి ఉండాల్సింది," అన్నాడు. "ఎవరికీ చెప్పకపోయినా, నాకు." లేచి వెళ్ళిపోయాడు. నెయ్యి వేసిన అన్నం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం రెహానా మేడమ్ ఆఫీసుకి పిలిచింది. ఇద్దరం సంచులు సర్దుకునే వెళ్ళాం. ఆమె తలుపు నిబంధన బోర్డు గోడ మీంచి దింపించి బల్ల మీద పెట్టుకుంది.

"దీని అడుగున తేదీ ఎప్పుడైనా చదివారా?"

చదవలేదు. ఆ బోర్డు వైపు చూడకుండా నడవడం మాకు అలవాటు.

"ఈ నిబంధన పెట్టిందే మీ లీకు తర్వాత. మీ లీకు వల్ల. దీన్ని వెనక్కి లాగి మీ మీద రుద్దడం కుదరదు."

పైడమ్మ నా వైపు తిరిగింది. "ఇరవై రెండేళ్ళు," అంది. 

"కానీ ఊరికే వదలను," అంది మేడమ్. "రేపట్నుంచి పొద్దున్నే ఐదింటికి ఆ రబ్బరు మీరిద్దరూ తడిమి చూడాలి. నేను ఉన్నంతకాలం."

విడుదలయ్యాక 6వ రోజు

టిఫిన్: పెసరట్టు.

తన్మయి తీసిన వీడియో కంపెనీకి చేరింది. ఈసారి మనిషే జవాబు రాశాడు. క్షమాపణ చెప్పాడు. కథ మార్చడానికి నెల పడుతుందట. అంతవరకు కావలి నాయకం ముఖానికి మీసం తీసేసి గడ్డం పెడతారట. చేపల భాగం మాత్రం రచయితలకి తెగ నచ్చిందట. ఇప్పుడు సంఘంలో కొత్త గొడవ: ముద్దమ్మ శాకాహారి అని ఇన్నాళ్ళూ నమ్మినవాళ్ళు ఒక పక్క, మిగతావాళ్ళు ఇంకో పక్క.

పైడమ్మ ఆ తలుపు దగ్గరికి రెండు రోజులుగా వస్తోంది. మొదటి రోజు కళ్ళు మూసుకుని తడిమింది. ఈరోజు నా వంతు సరిగా తడమలేదని తిట్టింది. స్నేహితులు నాయకులు బాబుని మళ్ళీ ఆటకి పిలిచారు. వెళ్తున్నాడు. మాతో మాత్రం మాట్లాడడం లేదు. నేను వడ్డించే వరసలో నిలబడడం లేదు.

విడుదలయ్యాక 9వ రోజు

టిఫిన్: దోసె, అల్లం పచ్చడి. ఎనిమిదింటికి వంటగది మూసేశాం.

తొమ్మిదీ ఇరవైకి తలుపు చప్పుడైంది. నాయకులు బాబు. జుట్టు చెదిరి ఉంది, చెంప మీద దిండు ముడత పడింది. మీసం ఒక పక్క మాత్రమే పైకి లేచి ఉంది. గడియారం వైపు అదేదో తనని మోసం చేసినట్టు చూస్తున్నాడు.

"నిద్ర పట్టేసింది," అన్నాడు. ఐదు రోజుల్లో నాతో అన్న మొదటి మాట.

"కూచోండి బాబూ."

"టిఫిన్ అయిపోయి ఉంటుందేమో."

"అయిపోయింది," అని పొయ్యి వెలిగించాను.

మూడు తిన్నాడు. నాలుగోది వేస్తున్నాను.